కాపలా కుక్క – మూడవ మనిషి

కుక్క విశ్వాసం గల జంతువనే మాట చిన్ననాటి వాచకాల నుంచీ వింటున్నదే. అది అబద్ధం కాదు. అయితే విశ్వాసం ఇద్దరి మధ్య సంబంధం. కాపలా ముగ్గురి మధ్య సంబంధం. కాపలా కుక్క ఉన్నదంటే యజమాని ఉన్నాడు, కుక్క ఉన్నది, ఆ ఇద్దరికీ అవతల పరాయివాడొకడు ఉన్నాడు. ఈ మూడవ మనిషిని గురించి మన నీతి చర్చలు సాధారణంగా నోరు విప్పవు.

మహాభారతం చూడండి. ఆదిపర్వంలో, చేయని తప్పుకు తన పిల్లను కొట్టారని సరమ జనమేజయుణ్ణి నిలదీస్తుంది. చివర ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. కుక్క పట్ల మనిషి ధర్మాన్ని ఇంత గట్టిగా చెప్పిన కావ్యాలు అరుదు. కాని ఆ రెండు కుక్కలూ ఎవరి గుమ్మానికీ కాపలా ఉన్నవి కావు. గోడ, గోడ వెనుక ఆస్తి వచ్చాకనే అసలు చిక్కు.

అనకాపల్లి జిల్లా కొండకర్ల ఆవకు గోడ లేదు. రెండు తాటి బోదెలు తొలిచి జతకట్టిన దోనెల మీద అక్కడ చేపలు పడతారు. అలాంటి పల్లెల్లో వీధి కుక్క ఒకరిది కాదు, వీధిది. కొత్త మనిషి కనిపిస్తే మొరుగుతుంది, అరుగు మీద నుంచి ఎవరో "ఎవరు బాబూ?" అంటారు; ఆ పలుకుతో కుక్క తగ్గుతుంది. తీర్పు మనిషిది, అదీ నలుగురి ఎదుట. పక్కనే పారిశ్రామిక మండలం, ప్లాట్లు, ఎత్తైన ప్రహరీలు వచ్చినచోట ఆ అరుగు పోతుంది. తీర్పు కుక్కకే దఖలు పడుతుంది.

ఈ పెద్ద జాతుల చరిత్ర కూడా ఆలోచించదగినది. డోబర్మన్‌ను తయారుచేసినవాడు 19వ శతాబ్దం చివర జర్మనీలోని అపోల్డా పట్టణంలో పన్నులు వసూలుచేసే ఉద్యోగి! జర్మన్ షెపర్డ్ మొదట గొర్రెల కాపరి కుక్క. 1899లో దానికొక సంఘం స్థాపించిన స్టెఫానిట్స్ మాజీ సైనికాధికారి. మందలు తగ్గిపోతుంటే దాన్ని పోలీసు, సైన్యం కొలువుల్లో ప్రవేశపెట్టాడు. మంద దగ్గర దానికి శత్రువు తోడేలు. మంద పోయింది, తోడేలు పోయింది, కుక్క మిగిలింది. ఇప్పుడు తోడేలు స్థానంలో ఎవరిని నిలబెట్టాలి?

2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో భోజనం పొట్లం అందించటానికి మూడవ అంతస్తుకు వెళ్ళిన కుర్రవాడు, ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ మీదికి రాగా తప్పించుకోబోయి కిందపడి చనిపోయాడు. ఆ మే నెలలోనే మణికొండలో సరుకు తెచ్చిన మరొకతను డోబర్మన్‌కు భయపడి మూడవ అంతస్తు నుంచే దూకి గాయాలపాలయ్యాడు. వీళ్ళు దొంగలు కారు. ఆ ఇళ్ళవాళ్ళు తెప్పించుకున్న వస్తువులు మోసుకొచ్చినవాళ్ళు. "నా ఇంటిని కాపాడుకునే హక్కు నాకు లేదా?" అని అడిగేవారికి నా జవాబు ఇది: ఉన్నది, కాని మీరు పిలిచినవాడి మీద ఆ హక్కు చెల్లదు.

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 23 జాతులను నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. జాతుల పట్టిక అందరికీ సుఖమైనది. నేరం నెత్తురులో ఉన్నదంటే యజమాని తప్పుకోవచ్చు. మనుషుల విషయంలో ఈ వాదాన్ని తిరస్కరించే మనం కుక్క దగ్గర ఎందుకు ఒప్పుకోవాలి? జాతి స్వభావం బొత్తిగా లేదనను. అరవై కిలోల జంతువు కాటూ, పది కిలోల జంతువు కాటూ ఒకటి కాదు. కాని పిల్ల పుట్టిన మొదటి మూడు నెలల్లో ఎవరెవరిని చూస్తుందో, ఎవరి చేతి ముద్ద తింటుందో, వాళ్ళే దాని లోకంలో మనుషులు. చాకలి, గ్యాసు బండ మోసేవాడు, పాచిపనికి వచ్చే అమ్మ యజమాని పక్కన కూర్చుని మాట్లాడటం అది ఎన్నడూ చూడకపోతే, వాళ్ళను మనుషుల్లో ఎలా జమకడుతుంది? కుక్కకు వర్గ దృష్టి లేదు. ఇంట్లో ఉన్నదాన్నే అది పళ్ళతో చెబుతుంది.

జంతువు విషయంలో అజాగ్రత్తకు భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ఆరు నెలల వరకు జైలు, లేదా 5000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంటున్నది. కుక్క ఖరీదు కన్నా జరిమానా తక్కువ కావచ్చు. కుక్కను లోపలి గదిలో కట్టి తలుపు తియ్యటానికి రెండు నిమిషాలు పడుతుంది. నిమిషాల లెక్కన పరుగెత్తే కుర్రవాడికి ఆ రెండు నిమిషాల కూలి ఎవరివ్వాలి? యజమానే ఇవ్వాలంటాను, మాంసం ఖర్చు రాసుకునే పద్దులోనే దాన్నీ రాసుకోవచ్చు.