గౌతమి వదిలేసిన పాము

పరామర్శకు వచ్చినవాళ్ళు అరుగు కింద చెప్పులు విడుస్తూనే "వాడి ఖర్మ, అలా రాసిపెట్టి ఉంది" అంటారు. అపరకర్మలు చేయించేవాణ్ణి గనక ఆ మాట నా చెవిన పడని పెద్దకర్మ ఉండదు. కర్మను నేను నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే ఆ మాట నాకు మింగుడుపడదు.

భారతం ఆనుశాసనిక పర్వం మొదట్లోనే గౌతమి కథ ఉంది. అంపశయ్య మీద నెత్తురోడుతున్న భీష్ముణ్ణి చూసి, ఇదంతా నా వల్లేనని ధర్మరాజు కుమిలిపోతుంటే తాతగారు చెప్పిన కథ. గౌతమి అనే ముసలావిడ కొడుకు పాము కరిచి పోయాడు. అర్జునకుడనే బోయవాడు ఆ పామును నరాల తాడుతో కట్టి తెచ్చి, నిప్పుల్లో వెయ్యనా, ముక్కలుగా నరకనా అన్నాడు. వదిలెయ్యమంది. దీన్ని చంపితే నా బిడ్డ లేచి రాడు కదా అంది. బోయవాడు వింటేనా! పామేమో నన్ను మృత్యువు పంపాడంది. మృత్యువు వచ్చి, నన్ను నడిపింది కాలుడన్నాడు. చివరికి కాలుడే దిగి వచ్చి, పిల్లవాణ్ణి చంపింది వాడి కర్మేనని తేల్చాడు.

జనం అక్కడితో పుస్తకం మూసేస్తారు. ఈ పంచాయితీ తేలకముందే గౌతమి పామును క్షమించేసింది. కాలుడి తీర్పు కోసం ఆగలేదు. తీర్పు విన్నాక కూడా కొడుకు కర్మ అని ఊరుకోలేదు, వీడు పోయేలాంటి కర్మ నేనూ చేసుకున్నానంది. ఎదుటివాడి లెక్కలో వేలు పెట్టలేదు, తన లెక్క తాను చెప్పుకుంది. భీష్ముడూ అక్కడ ఆగలేదు. ఇంకొన్ని అధ్యాయాలు దాటాక, దైవమా పురుషప్రయత్నమా అని ధర్మరాజు అడిగితే, విత్తనం పడని పొలం పండదన్న బ్రహ్మ మాటే ఎత్తుకున్నాడు.

మా దివిసీమలో వానలు మొదలైతే పాము కథ కాదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పీ ఉండదు, గాటూ కనపడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం. మొన్న వానాకాలంలో ఒక కూలి కుర్రాడికి ఇలాగే అయింది. మంత్రం వేయించారు, ఏదో వేరు నూరి పోశారు, ఊపిరి అందక తన్నుకుంటుంటే అప్పుడు ఆటో ఎక్కించారు. పెద్దకర్మ నాడు వాళ్ళమ్మ ముందే ఒక పెద్దాయన "ఖర్మ" అన్నాడు. ఆ తల్లి అనుంటే తలవంచుకునేవాణ్ణి. మంత్రగాణ్ణి పిలిపించింది ఈయనే.

ఉగాదికి రామాలయంలో పంచాంగ శ్రవణం నాదే. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివాక ఈ ఏడు నాలుగు మాటలు చేర్చాను. దోమతెర అంచులు చాప కిందికి దోపుకోండి. రాత్రి గట్టు మీదికి వెళ్తే టార్చిలైటు పట్టుకోండి. పాము కరిస్తే తాడు బిగించొద్దు, గాటు కొయ్యొద్దు, కరిచిన కాలో చెయ్యో కదపకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి, విరుగుడు ఇంజెక్షన్ అక్కడుంటుంది.

"ఇది ఏ రాశికండీ పంతులుగారూ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. నవ్వులు.

పన్నెండింటికీ అన్నాను. ఆ గోలలో తన వృశ్చికరాశి ఆదాయం సరిగా వినపడలేదని, మళ్ళీ చదవమన్నాడు ఆ పెద్దాయన. చదివాను.