నమ్మనివాడి నోట ప్రార్థన

మా బిలాస్‌పూర్‌లో కట్నీ లైను బండెక్కి పెండ్రా రోడ్‌లో దిగితే, అక్కణ్ణుంచి ఘాటు దారిలో అమర్‌కంటక్. నర్మద పుట్టేది అక్కడే. ఆ నదికి రేవా అని ఇంకో పేరు. బొగ్గు ర్యాకుల వెనక బ్రేక్ వ్యానులో కూర్చుని, గూడ్స్ గార్డుగా ఆ లైన్లోనే నా ఉద్యోగం గడిచిపోయింది. రేవమ్మ మీద ఒక రాక్ బ్యాండు పాడిన పాట మాత్రం నేను విన్నది షహడోల్ రన్నింగ్ రూమ్‌లో. ఎవరో కుర్ర అసిస్టెంట్ డ్రైవరు క్యాసెట్టు పెట్టాడు. వరస చూస్తే భజన, వెనక వాయించేదేమో గిటారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికని శ్రీకాకుళం వదిలినప్పుడు మా తాత మూటలో తాళాలు కూడా కట్టుకొచ్చాడు. భజన వినబడితే మా ఇంట్లోవాళ్లెవరం కదలం.

ఆ బ్యాండు పేరు ఇండియన్ ఓషన్. గిటారిస్టు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అషీమ్ చక్రవర్తి కలిసి 1990లో ఢిల్లీలో మొదలుపెట్టారు. పేరు పెట్టింది సుస్మిత్ వాళ్ల నాన్న. మరుసటేడు బాస్ గిటారుతో రాహుల్ రామ్ చేరాడు. కార్నెల్‌లో విషపదార్థాలూ పర్యావరణమూ చదివి డాక్టరేటు పుచ్చుకుని, తిరిగొచ్చి నర్మదా బచావో ఆందోళన్‌లో తిరిగినవాడు. 1993లో హెచ్‌ఎంవీ మొదటి ఆల్బం వేసింది. రెండోది, ‘డెసర్ట్ రెయిన్’, స్టూడియోలో చేసింది కూడా కాదు. 1997 జనవరి 1న వీధినాటకాల సఫ్దర్ హష్మీ స్మృతిలో సహమత్ సంస్థ జరిపిన సభలో వాయించింది రికార్డు చేస్తే అదే ఆల్బమైంది. 2000లో ‘కందీసా’ వచ్చాక గానీ ఆ పేరు మాలాంటి ఊళ్లదాకా రాలేదు. పదేళ్లు! మా కాలనీ కుర్రాళ్లు పది నెలలు ఆగరు.

‘కందీసా’లో రెండు ప్రార్థనలున్నాయి. ఒకటి రేవా పాట. రెండోది, ఆల్బంకి పేరిచ్చింది, కేరళ సిరియన్ క్రైస్తవుల అరమాయిక్ స్తుతి. రాహుల్ రామ్ ఆ నది ఒడ్డున, మునిగిపోబోయే ఊళ్లలో బతికి ఆ మొదటి పాట పట్టుకొచ్చాడు. ఆ ఊళ్లను ముంచే సర్దార్ సరోవర్ ఆనకట్ట పని ముందుకు సాగొచ్చని, ఆల్బం వచ్చిన ఏడాదే అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రెండో పాటతో అలాంటి బంధమేమీ నాకు కనబడదు. బ్యాండువాళ్లు ఆ చర్చిలో పుట్టినవాళ్లు కారు, ఆ భాష వాళ్లది కాదు. అయినా అషీమ్ గొంతు పైకి లేచినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. మరి అది ప్రార్థనేనా?

త్యాగయ్యనడిగితే కాదంటాడు. భక్తి లేని సంగీతజ్ఞానం దారికి చేర్చదని ధన్యాసిలో తేల్చేశాడు. మా కాలనీ గుడి పూజారిగారినడిగితే నవ్వి మీమాంస సూత్రకారుడు జైమిని వైపు తీసుకెళ్లారు. యాగం చేసే ఋత్విక్కుకు దక్షిణ దక్కుతుంది, ఫలం యజమానికి. ఋత్విక్కు మనసులో ఏముందో మీమాంస అడగదు, స్వరం తప్పకపోతే చాలు. పైగా దేవతకు శరీరమే లేదని, హవిస్సు తినడానికి ఎవరూ రారని జైమినికి భాష్యం రాసిన శబరస్వామి వాదించాడట. ఆ మాట గుళ్లో కూర్చుని చెబుతున్నందుకు ఆయనకేమీ ఇబ్బందిగా లేదు. పూర్వం ఉత్తర ఆఫ్రికా క్రైస్తవుల్లోనూ ఇదే గొడవ నడిచింది. హింసకు బెదిరి మతాన్ని వదులుకున్న గురువు ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లదని డొనాటిస్టులు పట్టుబట్టారు. ఇచ్చేది క్రీస్తు, గురువు చేతులు మాత్రమే అన్నాడు అగస్టీన్.

నాకు పూజారిగారి మాటే నచ్చింది, కానీ అందులో ఒక మెలిక ఉంది. బ్యాండు ఋత్విక్కయితే యజమాని ఎవరు? టికెట్టు కొన్నవాడా? వాడికీ నమ్మకం లేకపోతే ఫలం ఎక్కడికి పోతుంది? పాటను ఇన్నాళ్లూ మోసినవాళ్లే యజమానులని నేననుకుంటాను. హాల్లో వాళ్లు లేకపోవచ్చు, లెక్క మాత్రం వాళ్లదే.

ఈ తర్కమంతా మొన్న వినాయక చవితికి పనిలో పడింది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనక వరండాలో సాధన చేసే కుర్రాళ్లు బ్యాండు పెట్టారు. ఇద్దరు మన తెలుగు పిల్లలు, ఒక బెంగాలీ, డ్రమ్స్‌కి ఒక సత్నామీ కుర్రాడు. పందిట్లో పంథీ పాటను గిటార్లతో వాయిస్తామన్నారు. పంథీ అంటే సత్నామీలు మాదర్ డోలు, ఝాంజ్ తాళాలు మోగుతుండగా తెల్లజెండా ఎత్తిన జైత్‌ఖామ్ స్తంభం చుట్టూ ఆడుతూ పాడేది. 1756 డిసెంబరు 18న గిరౌద్‌పురిలో పుట్టిన తమ గురువు ఘాసీదాస్‌ని తలచుకునేది. ఆయన పేరు మా ఊరి విశ్వవిద్యాలయానికి ఉంది, పేరు తెలియనివాడు లేడు. ఆయన చెప్పింది మాత్రం పందిట్లో ఎవరికి గుర్తుంటుంది? సత్యమే దేవుడు, విగ్రహాన్ని మొక్కొద్దు అన్నాడాయన. ఆ పాటను గణపతి ఎదుట పెట్టి వాయిస్తారా?

“పాటే కదా బాబాయ్, అందరికీ నచ్చుతుంది” అన్నాడు పాటగాడు.

అందరికీ నచ్చడమే నా అభ్యంతరం. విగ్రహాన్ని కాదన్న మాటను విగ్రహానికే అలంకారం చేస్తే, ఎవరూ నొచ్చుకోరు కానీ ఆ మాట మాత్రం చచ్చిపోతుంది. సర్వమత సమానత్వం పేరుతో మనం చేసేది చాలావరకు ఇదే. వద్దని చెప్పబోయి, నేను చెప్పిన లెక్క ప్రకారం అడగాల్సింది ఎవరినో గుర్తొచ్చి ఆ డ్రమ్మరు వైపు తిరిగాను.

వాడు కాసేపు స్టిక్కులు తిప్పుకుంటూ కూర్చున్నాడు. “కాకా, మాదర్ నేను వాయిస్తా. మాటలు మాత్రం అక్కడ పాడొద్దు” అన్నాడు.

దేవుడికి రూపం లేదని దరువు చెప్పదు, మాట చెబుతుంది. చెయ్యి పందిరికి ఇస్తాడు, నాలుక ఇవ్వడు. ఈ విభజన జైమినిలో ఉందేమో పూజారిగారికే తెలియాలి. నాకైతే త్యాగయ్య కన్నా, అగస్టీన్ కన్నా వీడి గీతే సరైన చోట పడిందనిపించింది. పాటగాడు గొణిగాడు, మాటల్లేకపోతే తనకు పనేముందని. నిజమే, ఆ అయిదు నిమిషాలూ వాడికి పని లేకపోయింది. మాదర్ మోగింది, జనం ఎగిరారు, కమిటీ ప్రెసిడెంటు దాన్నేదో కొత్త సినిమా బీటు అనుకుని ఇంకోసారి అడిగాడు.

ఇప్పుడు పాటగాడు డిసెంబరులో వచ్చే ఘాసీదాస్ జయంతి కోసం ఆ మాటలు నేర్చుకుంటున్నాడు. సత్నామీల పేటలో జైత్‌ఖామ్ దగ్గర అతణ్ణి పాడనిస్తారో లేదో, అది వాళ్ల ఇష్టం.