పాలపిట్ట దర్శనము

ప్రాతఃకాలమున ఇష్టలింగార్చన ముగించి వాకిట నిలిచిన భక్తునికి మొట్టమొదట వినవచ్చునది మనుష్యుల మాట కాదు, పక్షుల పలుకు. వేపకొమ్మపై కాకి, చూరు క్రింద పిచ్చుక, మందారపు చెట్టున తేనెపిట్ట, ప్రహరీగోడపై జంటగా గోరింకలు. వీనిని చూచుటకు అడవికి పోనక్కరలేదు, పైకము వెచ్చింపనక్కరలేదు. కొంత నిశ్శబ్దము, కొంత ఓర్పు ఉన్న చాలును. కరస్థలమందలి లింగముపై దృష్టి నిలుపుట అలవడినవారికి ఈ రెండును కొత్తవి కావు.

పిట్టలను చూచుచు నిలుచుట పొద్దుపోనివారి పని యని తలచువారు కలరు. శరణులు అట్లు తలపలేదు. 12వ శతాబ్దమున కల్యాణమున భక్తిభండారియై వెలసిన బసవేశ్వరుడు, మెతుకు కనబడగనే తమవారిని పిలుచుకొను కాకిని, కోడిని ఒక వచనమున దృష్టాంతముగా చూపి, ఆపాటి గుణము లేని భక్తుని మందలించెను. ఇంటి కప్పుమీది కాకిని, పెరటిలోని కోడిని నిలిచి చూడనివానికి ఆ దృష్టాంతము తోచదు. అక్క మహాదేవి తన వచనమొకదానిలో చిలుకలను, కోయిలలను, హంసలను, నెమళ్లను పిలిచి చెన్నమల్లికార్జునుని జాడ చెప్పుడని అడిగెను. అడిగెనే గాని, ఒక్కదానినైనను పట్టి పంజరమున పెట్టలేదు.

ఓర్పుతో చూచినవారికి పక్షులు తెలుపు సంగతులు సామాన్యమైనవి కావు. వసంతమున కూయు కోయిల ఆడుదని పెక్కుమంది భావింతురు. కూయునది నల్లని మగపక్షి. గోధుమవన్నె మేనిపై తెల్లని చుక్కలు గల ఆడుకోయిల గుట్టుచప్పుడు కాక కాకి గూటిలో గ్రుడ్డు పెట్టిపోవును. కాకి దానిని పొదిగి, పుట్టిన పిల్లకు నోటిమేత పెట్టి పెంచును. దీనిని చూచి కాకిని వెర్రిదని నవ్వుట లోకరీతి. తనది కాని ప్రాణికి కాకి తెలియక పెట్టుచున్నది. దాసోహమనగా తెలిసి పెట్టుట.

గిజిగాని సంగతి ఇంకను విచిత్రము. ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ (1896–1987) 1930లో ఉద్యోగము లేక, బొంబాయికి సముద్రమున కావలనున్న కిహిం అను పల్లెలో నివసించుచుండగా, ఇంటికి చేరువలోనే గిజిగాళ్లు గూళ్లల్లుట కంటబడినది. దినములకొలది కనిపెట్టి చూడగా తెలిసినదేమనగా, గూడల్లునది మగపక్షి. సగము అల్లిన గూటిని వ్రేలాడదీసి ఆడుపక్షిని పిలుచును. ఆమె లోపలికి దూరి, పరీక్షించి, నచ్చినచో నిలుచును. అప్పుడే అతడు మిగిలిన సగమును, క్రిందికి దిగు గొట్టమువంటి ద్వారమును పూర్తిచేయును. నచ్చని గూడు సగముగానే గాలికి ఊగుచుండును. ఒక గూడు ముగిసిన పిదప అతడు మరియొక గూటికి పూనుకొని మరియొక ఆడుపక్షిని పిలుచునట! గృహస్థులు గిజిగాని నేర్పును మెచ్చుకొనవచ్చును గాని ఈ ఒక్క విషయమున అనుకరింపదగదు. గూటిలో తడిమట్టి ముద్దలు అంటించుట నిజమే. ఆ మట్టిలో మిణుగురులను దీపములుగా గ్రుచ్చునన్నది మాత్రము ముచ్చటైన కథ. మన పల్లెలలో దిగుడుబావులపైకి వంగిన ఈతచెట్లను, తుమ్మలను, తాళ్లను వానకాలమున చూచినవారికి ఈ కాయకమంతయు ప్రత్యక్షమగును.

పక్షిని జంగమమనవచ్చునా అని ఎవరైనను ప్రశ్నింపవచ్చును. అష్టావరణములలోని జంగమము వేరు. అది జ్ఞానమును మోసికొని ఊరూర సంచరించు గురుమూర్తి. ఆ స్థానమును పిట్టకు కట్టబెట్టుట తగదు. అయినను, స్థావరమనగా నిలిచినది, జంగమమనగా చలించునది అను సామాన్యార్థమున చూచినచో, రెక్కలున్న ప్రాణికంటె జంగమమేది? చలించుటయే స్వభావముగా గలదానిని కట్టివేసి, ఇదిగో దర్శనమనుట శరణధర్మమునకు సరిపడునా?

ఈ ప్రశ్న ఊరకే పుట్టినది కాదు. విజయదశమినాడు జమ్మిచెట్టును పూజించి పాలపిట్టను చూచుట తెలంగాణలో శుభమని ఆచారము. బసవభూమియైన కర్ణాటకకును, తెలంగాణకును ఇదియే రాష్ట్రపక్షి. ఉత్తరదేశమున దీనిని నీలకంఠమందురు. శివుని పేరు పెట్టుకొన్న పక్షి యని భక్తులకు దీనిపై మమకారము. నిజమునకు దీని కంఠము నీలము కాదు, ఎరుపుచాయ గల గోధుమవన్నె. నీలమంతయు నడినెత్తిన, రెక్కలలో, తోకలో దాగియుండును. కూర్చున్నపుడు మాసినట్లు కానవచ్చు పిట్ట, ఎగిరిన మరుక్షణమే రెండు నీలిజ్వాలలై విచ్చుకొనును. అనగా ఎగురు పాలపిట్టను చూచినవాడే పాలపిట్టను చూచినవాడు.

దసరా సమీపించగనే వేటగాండ్రు ఈ పిట్టలను పట్టి, రెక్కలు, కాళ్లు కట్టి, ఇరుకు పంజరములలో కుక్కి, వీధి వీధిని త్రిప్పి డబ్బులకు చూపుట కలదు. పురుగులను, మిడుతలను వేటాడి బ్రతుకు పిట్టకు ఆ దినములలో సరియైన మేత దొరకదు. పండుగ ముగిసిన పిదప కట్లు విప్పినను కొన్ని ఎగురలేక నేలను పడియుండును. పక్షి నొగిలిన చోట శుభమెవరికి? కొందరు దయతలచి సొమ్మిచ్చి విడిపింతురు. ఉద్దేశము మంచిదే. కాని ఆ సొమ్మే మరుసటి ఏటి వలకు పెట్టుబడియగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పిట్టను పట్టుట నేరము. ధర్మమునకు దయయే మూలమని బసవేశ్వరుని మాటగా వినుచున్నవారికి చట్టము చెప్పువరకు ఆగవలసిన పని లేదు.

పంజరపు చిలుక విషయమును ఇంతే. పంచాక్షరి నేర్పితిమి, చిలుక శివనామము పలుకుచున్నదని మురియు గృహములు కలవు. బంధింపబడిన నోటినుండి వచ్చు నామమునకు మురియుటకంటె, పెరటి జామచెట్టుపై చిలుకల గుంపు వ్రాలి, సగము తిని సగము నేల రాల్చి, కీచుమని అరచుచు పోవుటను చూచుట మేలు. జామపండ్లు పోవును, నిజమే. దాసోహమున లెక్కలు కట్టరు.

మఠముల ఆవరణలలో పెద్ద వృక్షములుండుట ఆచారము. మోడుబారిన తాటిని, తొర్రబడిన మానును కొట్టివేయకుండ ఉంచినచో పాలపిట్టకును, చిలుకకును, గోరింకకును అదియే గూడు. చూరున నాలుగు వరికంకులు కట్టి, నీడపట్టున మట్టిమూకుడులో నీరు పోసి, దినదినము కడిగి మార్చుచుండిన పిచ్చుకలు వచ్చును. అయితే పిచ్చుక తన పసిపిల్లలకు పెట్టునది గింజలకంటె మెత్తని పురుగులే ఎక్కువ. కావున పెరటి మొక్కలపై విషపుమందులు చల్లి, చూరున కంకులు కట్టుట ఒక చేత పెట్టి ఒక చేత లాగుకొన్నట్లగును.

రాబోవు విజయదశమినాడు పిల్లలను పంజరము చెంతకు గాక, ప్రొద్దువాలు వేళ చేనిగట్టు చెంతకు తీసికొనిపోవలెను. పాలపిట్ట ఎత్తైన ఎండుకొమ్మపైనో, విద్యుత్తు తీగపైనో ఒంటరిగా, కదలక, నేలవైపు చూచుచు కూర్చుండును. సద్దు చేయక, వ్రేలెత్తి చూపక నిలిచినచో, మిడుత కదలినంతనే అది క్రిందికి దుమికి, రెక్కలు విప్పి, మరల తీగపైకి చేరును. ఒక్కొక్కసారి అది రానే రాదు. అప్పుడు జమ్మి ఆకు చేతబట్టుకొని ఇంటికి మరలుటయే. మరునాటి ఉదయమున అదే తీగపై అది కూర్చుండవచ్చును.