ముందు తుడిచి చూడు నాయనా

రాత్రి వ్యాను కింద అట్టముక్క వేస్తున్నావు, పొద్దున్నే దాన్ని తీసి గోడవారకి విసిరేస్తున్నావు. అక్కడే మొదలవుతోంది నీతో నా పేచీ. మీ అమ్మ కడిగిన వాకిలి పాడవకూడదనే నీ ఆలోచన మంచిదే, కాదనను. కానీ ఆ అట్ట మీద పడిన మరకని ఒక్కసారైనా వంగి చూశావా? ఏ చక్రం దగ్గర పడింది, ఏ రంగులో ఉంది, నిన్నటికంటే పెరిగిందా తగ్గిందా? చూడవు. వాటర్ క్యాన్లు దింపాలి, పిల్లల్ని బడి దగ్గర వదలాలి, టైం లేదంటావు. ఆ తర్వాత ఎవడో అన్నాడని ఇంజను విప్పించడానికి మాత్రం రెండు రోజులు బండి ఆపుకోవడానికి టైం ఉంటుంది నీకు.

మీ నాన్న కొన్న ఓమ్ని అది. మారుతి వాళ్లు 1984లో తెచ్చిన వ్యాను, 2019లో తయారీ ఆపేశారు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను, అదీ ముందు సీట్ల కిందే. అందుకే ఆయిల్ కాస్త కారి సైలెన్సర్ గొట్టం మీద పడితే చాలు, ఆ కమురు వాసన తిన్నగా నీ ముక్కుకే వస్తుంది, నీ పక్కన కూర్చున్న పిల్ల ముక్కుకీ వస్తుంది. అది వాసనతో పోయే సంగతి కాదు. వేడి గొట్టం మీద నూనె నిప్పుకి చుట్టం. ఎల్పీజీ కిట్టు కూడా ఉన్న బండైతే ఇంకా జాగ్రత్త కావాలి.

ముందు కారేది ఏమిటో తేల్చు. మరక మీద వేలు పెట్టి చూడు, ఆ తర్వాత చెయ్యి కడుక్కో. ఇంజను ఆయిల్ అయితే గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది. గేరాయిల్ చిక్కగా ఉండి గంధకం కంపు కొడుతుంది. కూలెంట్‌కి రంగుంటుంది, తియ్యటి వాసన ఉంటుంది. బ్రేకాయిల్ అయితే మాత్రం ఆ రోజు బండి కదపకు. ఇంకో సంగతి, మీ ఓమ్నికి ఇంజను ముందున్నా అది తిప్పేది వెనక చక్రాల్ని. మరక ఆ వెనక చక్రాల మధ్యన పడుతుంటే అది డిఫరెన్షియల్ దగ్గర్నుంచి కారే గేరాయిల్ అయ్యుంటుంది. దానికి ఇంజనుని తిట్టి ఏం లాభం?

ఇంజను ఆయిలే అని తేలిందా, అప్పుడైనా తొందరపడి పానా తియ్యకు. ముందు తుడువు. సీటెత్తి, ఇంజను చల్లారాక, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో పాత జిడ్డంతా శుభ్రంగా తుడిచి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు బండి స్టార్ట్ చెయ్యి. ఊళ్లో ఓ చుట్టు తిప్పుకురా. వచ్చి టార్చిలైటు వేసి పైనుంచి కిందికి చూడు. ఎన్నేళ్ల మట్టో పట్టిన ఇంజను మీద ఏ మెకానిక్ అయినా ఊహించి చెప్పాల్సిందే. ఆ ఊహలకి డబ్బులు కట్టేది నువ్వు.

పైనుంచి అని ఎందుకన్నానంటే, చుక్క పడిన చోటే లీకు పుట్టదు. నూనె కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కీ పాకుతుంది. కింద ఆయిల్ ఛాంబర్ అంతా తడిసి ఉంటే ఛాంబర్ ప్యాకింగు పోయిందంటారు. తీరా చూస్తే పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగు ఎండి గట్టిపడి, అక్కణ్ణుంచి సన్నగా దిగుతుంటుంది. పై ప్యాకింగు మార్చడం గంట పని. కింద ఛాంబర్ దించడం పూట పని. ముందు పైన చూస్తే నీ సొమ్మేం పోదు కదా?

ఈమధ్యే ఆయిల్ మార్పించిన బండైతే ఫిల్టరు దగ్గరా, డ్రెయిన్ బోల్టు దగ్గరా చూడు. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుపోయి ఉంటే, దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులై ఆయిల్ ధారగా పోతుంది. డ్రెయిన్ బోల్టుకి పాత వాషరే వేస్తే చెమ్మ పడుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ కూడా చిన్నదే కానీ బాగా ఏడిపిస్తుంది. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య జాయింటులోంచి చుక్క పడుతుంటే వెనక ఆయిల్ సీలు మీద అనుమానం. దానికి గేర్‌బాక్సు దించాలి. దించినప్పుడు క్లచ్ ప్లేటు కూడా చూపించు, నూనె తాగిన ప్లేటు జారుతుంది. మళ్లీ ఇంకోసారి దించే కూలీ తప్పుతుంది.

సీళ్లన్నీ మార్పించినా మళ్లీ కారుతోందంటారే, అసలు చిక్కు అక్కడుంది. పిస్టను పక్కనుంచి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. అది పోవడానికి బ్రీదర్ గొట్టం, పీసీవీ వాల్వు ఉంటాయి. అవి జిడ్డుతో పూడుకుపోతే ఏమవుతుంది? కుక్కర్ విజిల్‌కి పప్పు అడ్డుపడిన రోజు మీ అమ్మనడుగు, ఆవిరి ఎక్కణ్ణుంచి తన్నుకొచ్చిందో. గ్యాస్కెట్ సందుల్లోంచి! ఇంజనూ అంతే చేస్తుంది. బలహీనంగా ఉన్న సీలు దగ్గర నూనె కక్కుతుంది. సీలు మారిస్తే పక్క సీలు దగ్గర కక్కుతుంది. అందుకే ఏ సీలు జోలికీ పోకముందు ఆ గొట్టం విప్పించి, శుభ్రం చేయించు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీసి చూస్తే పొగ ఉఫ్‌మని ఎగదన్నుతోందా, మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు దాన్ని. బ్రీదర్ బాగుండి కూడా అలా కొడుతుంటే రింగులు అరిగినట్టు. అప్పుడిక ప్యాకింగులతో ఒరిగేదేమీ లేదు.

లీకు ఆపడానికి గమ్ము దట్టంగా పూసేస్తానని ఎవరైనా అంటే వద్దను. బయటికి పొంగిన గమ్ము కనిపిస్తుంది, లోపలికి పొంగింది కనపడదు. అది ముక్కలై రాలి ఛాంబర్లో జాలీకి అడ్డం పడితే ఇంజనుకి నూనె అందదు.

ఇక ఏ ఆయిల్ పోయాలనే నీ ప్రశ్న. షాపులో ఖరీదైనదే మంచిదనుకుంటున్నావు నువ్వు. డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని ఉంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో అది ఎలా పారుతుందో చెప్తుంది, వెనకది ఇంజను వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్తుంది. మన బెజవాడలో చలికి గడ్డకట్టే భయం లేదు. పాత ఓమ్నిలకి 20డబ్ల్యూ-40 సరిగ్గా సరిపోతుంది, 15డబ్ల్యూ-40 పోసినా పర్లేదు. కొత్త కార్ల కోసం వచ్చిన 0డబ్ల్యూ-20 లాంటి పల్చటివి దీనికెందుకు? అలాగని లీకవుతోంది కదా అని మరీ చిక్కటిది పోస్తే కారడం కాస్త నెమ్మదిస్తుంది, కానీ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైభాగాలకి ఎక్కడం కూడా నెమ్మదిస్తుంది. బాగా అరిగిన ఇంజనుకి మన ఎండల్లో 20డబ్ల్యూ-50 వరకు వెళ్లొచ్చు. ఏది పోసినా మీ నాన్న దాచిన పుస్తకంలో రాసింది ఒకసారి చూసుకుని పొయ్యి.

డబ్బా వెనక ఏపీఐ అక్షరాలు కూడా చదువు. ఎస్‌తో మొదలైతే పెట్రోలుకి, సితో మొదలైతే డీజిలుకి. ఎస్ తర్వాతి అక్షరం ముందుకెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం, 2020లో వచ్చినది ఎస్పీ. మీ బండికి అదే ఉండాలన్న పట్టింపు అక్కర్లేదు. ఇంట్లో ఉంది కదా అని బైకు ఆయిల్ మాత్రం పోయకు, నూనెలో మునిగి తిరిగే క్లచ్ కోసం చేసింది అది.

ఆయిల్ ఎంత ఉందో చూడాలంటే బండి చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి కాసేపాగి ఆయిల్ గేజి తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తియ్యి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. పై గీత దాటించావంటే లోపల క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది, అది మళ్లీ లీకులకే దారి. ఎంత పోశావో, ఎప్పుడు పోశావో క్యాన్ల లెక్క రాసే పుస్తకంలోనే ఒక పక్కన రాసుకో. ట్యాపెట్ కవర్ దగ్గర ఊరికే చెమ్మగా ఉండి గేజి దిగకపోతే, ఆ చెమ్మని అలాగే ఉండనీ. ముసలి బండికి ఆ మాత్రం ఉంటుంది. దాని కోసం ఇంజను విప్పడం నాకైతే ఇష్టం లేదు.

డాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర ఆయిల్ లైటు విషయం మాత్రం నేను బతిమాలి చెప్తున్నా. అది ఆయిల్ ఎంత ఉందో చెప్పే లైటు కాదు, ప్రెషర్ పోయిందని చెప్పే లైటు. అది వెలిగిందంటే షెడ్డుదాకా పోదాంలే అనుకోకుండా, అక్కడే పక్కకి తీసి ఇంజను ఆపెయ్యి. పిల్లలకి బడి ఆలస్యమైతే వాళ్ల టీచరుకి నేను ఫోన్ చేసి చెప్తాను.