ఈ ఒడ్డున ఉన్న బరువు

భివండీ పద్మనగర్‌లో, మా గల్లీలో ఒక కుర్రాడు వంతెన కడుతున్నాడు. బల్ల మీద పట్టేంత వంతెన. నూలు అయిపోయాక కార్ఖానాల్లో మిగిలిపోయే అట్ట కోన్లు తెచ్చుకుని, కోసి, బరువు కింద పెట్టి చదును చేస్తాడు. అగరుబత్తి పుల్లలు, బ్లేడు, స్కేలు, ఫెవికాల్. అంతే సామాను. వాళ్ల నాన్న రాత్రి పాళీకి సాంచెల (మరమగ్గాల) మీదికి వెళ్లాక, ఇంట్లో ఖాళీ అయిన ఆ కాస్త జాగాలో కూర్చుని పని మొదలుపెడతాడు.

అది సైన్యం కట్టే బెయిలీ వంతెన నమూనా. దుకాణంలో దొరికే కిట్ తెచ్చి అతికించడం కాదు. అసలు వంతెన కొలతలు తీసుకుని, వాటిని 35తో భాగించి, ప్రతి ముక్కా తనే కోస్తున్నాడు. ఆ లెక్కలో నిలువెత్తు సైనికుడు 5 సెంటీమీటర్లే ఉంటాడు. వరద నది, ఒడ్డున బురద, ఆ బురదలో సైనికులు, వాళ్ల చేతుల కింద వంతెన, అన్నీ ఒక పలక మీద ఒకే దృశ్యంగా నిలవాలి. ఇలాంటి దాన్ని డయోరామా అంటారు.

ఒక సాయంత్రం అతని పక్కన కూర్చుని చాలాసేపు చూశాను. మీకు ఈ రోజు ఏం చెప్పాలో నాకు అక్కడే దొరికింది. ముందు ఆ వంతెన సంగతి కొంచెం చెప్పనివ్వండి.

డొనాల్డ్ బెయిలీ బ్రిటిష్ యుద్ధ శాఖలో ఉద్యోగి. చిన్న చిన్న నమూనా వంతెనలు చేసుకోవడం ఆయనకు ఇష్టమైన కాలక్షేపం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1940, 41 సంవత్సరాల్లో ఆయన ఆలోచన నిజమైన వంతెనగా మారింది. దానికి మూలం ఒక ఇనుప చట్రం. పొడవు 10 అడుగులు, ఎత్తు సుమారు 5 అడుగులు, బరువు దాదాపు 260 కిలోలు. క్రేన్ అక్కర్లేదు, ఆరుగురు కలిసి మోయగలరు. ఒక చట్రానికి ఇంకో చట్రం ఆనించి పిన్నులు దిగ్గొడతారు. నది ఎంత వెడల్పుంటే అన్ని చట్రాలు.

2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు, చూరల్‌మల నుంచి ముండక్కై వైపు యంత్రాలు వెళ్లే దారి లేకుండా పోయింది. సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ వాళ్లు వచ్చి, 190 అడుగుల బెయిలీ వంతెన కట్టి, ఆగస్టు 1 సాయంత్రానికి దారి తెరిచారు. మన తెలుగు జిల్లాల పిల్లలు కూడా చేరే దళం అది. అక్కడ పని నడిపించిన మేజర్ సీతా షెల్కే మన మహారాష్ట్రలోని అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) జిల్లా బిడ్డ. అంత దూరం కూడా వద్దు. కళ్యాణ్ దాటాక ఆంబివ్లీ స్టేషన్లో దిగితే సైన్యం కట్టిన నడక వంతెన ఉంది. 2017లో ముంబైలోని ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ తొక్కిసలాట తర్వాత సైన్యం కట్టి ఇచ్చిన మూడింటిలో అదొకటి.

కుర్రాడి చేతిలో ఒక్కో చట్రం 8.7 సెంటీమీటర్లు. పైన పట్టీ, కింద పట్టీ, నడుమ నిలువు కమ్ములు, వాటి మధ్య ఏటవాలుగా మరికొన్ని. చెక్క మీద మేకులు కొట్టి ఒక అచ్చు చేసుకున్నాడు. ప్రతి చట్రాన్నీ అందులోనే అతికిస్తాడు. ఒక్కోదాంట్లో రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగినా, పది చట్రాలు కలిసేసరికి వంతెన వంకర తిరుగుతుంది.

నన్ను ఆపేసిన సంగతి మాత్రం వేరే ఉంది.

నది పొంగుతోంది. మధ్యలో స్తంభం వేసే వీలు లేదు. వంతెన అవతలికి ఎలా వెళ్తుంది? మొత్తం ఈ ఒడ్డునే, రోలర్ల మీద కట్టి, వెనక నుంచి నెడతారు. ముందు కొసకు, పైన పలకలు పరచకుండా తేలికగా ఉంచిన కొన్ని చట్రాలు తగిలిస్తారు. దాన్ని లాంచింగ్ నోస్ అంటారు. నెట్టే కొద్దీ ఆ కొస నీళ్ల మీదికి వెళ్తుంది. కింద ఆధారం లేదు, ముందు పట్టు లేదు. అయినా పడదు.

ఎందుకు పడదు? ఈ ఒడ్డున, నేల మీద ఇంకా మిగిలి ఉన్న భాగం తన బరువుతో దాన్ని పట్టి ఉంచుతుంది. కొస అవతలి ఒడ్డును తాకేదాకా మొత్తం బరువు తూగే కేంద్రం ఇవతలే ఉండాలి. ఇవతలి బరువు చాలకపోతే వెనక అదనపు బరువు పెడతారు.

కుర్రాడు చేస్తున్నది సరిగ్గా ఆ ఘడియ. లారీలు నడిచే పూర్తి వంతెన కాదు, సగం నది మీదికి వెళ్లి గాలిలో ఆగిన వంతెన. "పూర్తయింది చేస్తే బాగుండేది కదా" అన్నాను. "ఇట్లుంటేనే కష్టం కనబడతది, కాకా" అన్నాడు. ఒడ్డుకు జిగురు పెట్టలేదు. వెనక కొసలో సాంచె నట్లు కొన్ని పెట్టాడు. చెయ్యి తీసేశాడు. అది నిలబడింది.

నేస్తమా, మీరు ఇప్పుడు ఎక్కడున్నారు?

సేటు ఈ పదిహేను రోజులు మాల్ తక్కువన్నాడా? పక్క కార్ఖానాలో సాంచెలు తుక్కు కింద అమ్మేస్తుంటే చూసి మీ గుండె జారిందా? అమ్మాయి ఫీజు, ఇంటి అద్దె, ఊళ్లో అమ్మ మందులు, ఇవన్నీ ఒకే పగారు మీద ఆనుకున్నాయా? సగం దూరం వచ్చేశారు. వెనక్కి వెళ్లి ఊళ్లో మళ్లీ మొదలుపెట్టే వయసు కాదు. ముందు ఏముందో కనబడదు. పాళీ దిగి వచ్చి పడుకున్నా సాంచెల చప్పుడు చెవుల్లో ఆగదు, నిద్ర పట్టదు.

ఇలాంటప్పుడు మన చూపంతా ముందుకే ఉంటుంది. ఏదో ఒక కబురు వస్తే, ఎవరో ఒకరు మాట ఇస్తే, అప్పుడు ధైర్యం తెచ్చుకుందాం అనుకుంటాం. కానీ ఈ ఘడియలో మిమ్మల్ని పట్టి ఉంచుతున్నది ముందున్నది కాదు. దేవుడు ఇంతవరకు మీకు చేసినదే మిమ్మల్ని పట్టి ఉంచుతోంది. అది గడిచిపోలేదు. మీ వెనక, గట్టి నేల మీద, ఇప్పటికీ ఉంది.

మొదటిసారి ఈ ఊరికి వచ్చిన రోజు గుర్తుందా? భాష రాదు, దారి తెలియదు. ఎవరో మన ఊరివాళ్లు ఒక రాత్రికి చోటిచ్చారు, మర్నాడు కార్ఖానాకు తీసుకెళ్లి పని చూపించారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నెలలు ఏ డబ్బుతో గడిచాయో కాగితం మీద లెక్క రాసి చూపగలరా? నాకైతే అందదు. అయినా గడిచాయి.

అందరికీ ఒకేలా గడవలేదు, నాకు తెలుసు. ఆ రోజుల్లో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు మన గల్లీల్లో ఉన్నాయి. మీ ఇల్లు అలాంటిదైతే, ఆ లోటును నాలుగు మంచి మాటలతో కప్పను. ఒక్కటి అడుగుతాను. అప్పుడు మీ పక్కన వచ్చి నిలబడినవారెవరు? అన్నం వండి తెచ్చినవారెవరు? వాళ్లను దేవుడు పంపకుండానే వచ్చారంటారా?

బైబిల్లో, యెహోషువ కాలంలో ఇశ్రాయేలీయులు యొర్దాను దాటింది నది గట్లు పొర్లే కాలంలోనే. దాటగానే దేవుడు వాళ్లకు ఒక పని చెప్పాడు. నది నడుమ నుంచి పన్నెండు రాళ్లు తెమ్మన్నాడు. గిల్గాలులో వాటిని నిలబెట్టారు, రేపు పిల్లలు ఇవేమిటని అడిగితే చెప్పడానికి. ఎదురుగా యెరికో ఉంది, గోడలున్నాయి, యుద్ధం ఉంది. ముందు ఆ గోడల సంగతి చూసుకుందాం అని దేవుడు అనలేదు. దాటి వచ్చిన నదిని మరిచిపోవద్దన్నాడు, ఆ తర్వాతే యెరికో. భయంలో ఉన్నప్పుడల్లా ఆ వరుస నాకు ఎంతో ఆదరణ ఇస్తుంది.

ఇంకొకటి కూడా మీకు చెప్పాలి. నెట్టే కొద్దీ వంతెన కొస కిందికి వంగుతుంది. ఇనుమైనా వంగుతుంది. అందుకని ఇంజనీర్లు అది ఎంత వంగుతుందో ముందే లెక్క కట్టి, ఆ కొసను అంత పైకెత్తి బిగిస్తారు. అవతలి ఒడ్డు చేరేసరికి, వంగిన కొస అక్కడి రోలర్ల కిందికి పోకుండా వాటి మీదికే ఎక్కుతుంది.

నమ్మకం ఉన్నవాళ్లు కుంగిపోకూడదని ఎవరైనా మీతో అని ఉంటే, ఆ మాట నేను ఒప్పుకోను. కుంగుతున్నారు, నిజమే. పిల్లల మీద విసుక్కుంటున్నారు, ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు. మీరు ఎంత వంగుతారో మిమ్మల్ని చేసినవాడికి ముందే తెలుసు. ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. పడుకోనిచ్చాడు. దూతను పంపి లేపించి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపించి తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించిందని. అలసిన మనిషికి ముందు నిద్ర, తిండి. ఆయన ఇప్పటికీ అలాగే చూసుకుంటాడు.

ఆ 260 కిలోల చట్రాన్ని ఒక్కరే ఎత్తబోతే నడుం విరుగుతుంది. మరి మీరు మోస్తున్నదాంట్లో ఒక మూల ఎవరికైనా అందించారా? ఇంట్లో చెబితే కంగారు పడతారని అప్పు సంగతి గుండెల్లో దాచుకునే తండ్రుల్ని నేను చాలామందిని చూశాను. పైకి నవ్వుతూ లోపల నలిగే తల్లుల్నీ చూశాను. దేవుడు మీకు ఇంటివాళ్లను, సంఘాన్ని, పక్కింటివాళ్లను ఇచ్చింది వాళ్ల ముందు నవ్వుతూ కనబడడానికి మాత్రమే కాదు. కొంతమందికి చెప్పుకుంటే తేలికవుతుంది, కొంతమంది చెయ్యి కూడా వేస్తారు. రెండూ ఆయన చేసే సాయమే.

కాబట్టి ఈ రోజు ఇలా చేద్దాం. పాత కాగితం ఒకటి తీసుకుని, ఆయన మిమ్మల్ని దాటించినవి గుర్తొచ్చినన్ని రాయండి. పెద్దవే రాయాలని లేదు. జ్వరం తగ్గిన రాత్రి, సమయానికి దొరికిన పని, అడగకుండానే ఎవరో కట్టిన కిరాణా బాకీ. రాయడం రాకపోతే మీ పాపతో రాయించండి, అలా ఆమెకూ తెలుస్తుంది. నేనూ ఈ రోజు నా కాగితం రాస్తాను.

రాశాక ఆ కాగితం ముందు పెట్టుకుని ఇంత అడిగితే చాలు: ప్రభువా, ఇవన్నీ నువ్వు చేశావు. అవతలి ఒడ్డు నాకు కనబడటం లేదు. ఈ రోజు నెట్టాల్సినంత నెట్టడానికి బలం ఇవ్వు. నాతో చెయ్యి వేసేవాళ్లను నా పక్కకు పంపు. ఆమెన్.

తర్వాత, వారం రోజులుగా వాయిదా వేస్తున్న ఆ ఒక్క పని చేయండి. సేటును అడగాల్సిన మాటైతే అడగండి. అప్పు సంగతైతే, పాళీకి బయల్దేరే ముందే, టీ తాగుతున్నప్పుడు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేయండి.