రహస్యమూ ప్రామాణ్యమూ

మాట గుప్తంగా అందినంత మాత్రాన అది రావలసినవారి నుంచే వచ్చిందని చెప్పలేం. వచ్చినదాన్ని ఎందువల్ల నమ్మాలన్నది ప్రమాణశాస్త్రానికి, అనగా జ్ఞానం యథార్థమని ఎలా తేలుతుందో విచారించే శాస్త్రానికి, పాత సమస్యే. డీబీవర్ వంటి సాధనంలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు అనుసంధానం అమర్చేవారికి అదే సమస్య, అనుసంధానాన్ని భద్రపరిచే ఎస్‌ఎస్‌ఎల్ విభాగంలో ముఖ్యంగా మూడు ఎంపికలుగా ఎదురవుతుంది. 'రిక్వైర్' అన్నది ఎన్‌క్రిప్షన్‌ను, అంటే తాళంచెవి ఉన్నవారు తప్ప ఇతరులు చదవలేని రూపంలోకి సమాచారాన్ని మార్చడాన్ని, తప్పనిసరి చేస్తుందే గాని అవతల ఉన్నదెవరో విచారించదు కనుక, నడుమ దూరిన వంచకుడు తానే సర్వర్‌నన్నా ఒప్పుకుంటుంది. 'వెరిఫై-సీఏ' సర్వర్ తన గుర్తింపుగా చూపిన సర్టిఫికెట్‌పై నమ్మదగిన ధ్రువీకరణ సంస్థ సంతకం ఉందా అని చూస్తుంది. 'వెరిఫై-ఫుల్' దానితోపాటు సర్టిఫికెట్‌లోని పేరు, తాను వెతికి వచ్చిన సర్వర్ పేరు ఒకటేనా అని కూడా సరిచూస్తుంది.

ఆ సంతకానికి ప్రమాణమేమిటని అడిగితే దానిపై మరొక సంస్థ సంతకం, దానికి మరొకటి అంటూ పోయి, చివరకు తనపై తానే సంతకం చేసుకున్న రూట్ సర్టిఫికెట్ దగ్గర విచారణ ఆగుతుంది. ఆగకపోతే అది అనవస్థ, అంటే అంతులేని వెనుకడుగుల దోషం అవుతుంది.

జ్ఞానానికి ప్రామాణ్యం, అంటే యథార్థత, వెలుపలి పరీక్ష వల్ల తేలుతుందన్న నైయాయికులు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించేవారు, ఎండమావి కాదు నీరేనని దప్పిక తీరినప్పుడు నిశ్చయమైనట్లు, ఫలసిద్ధిని ముఖ్యమైన గుర్తుగా చెప్పారు. డేటాబేస్ అనుసంధానానికి ఆ పరీక్ష చాలదు. ఎందుకంటే వంచకుడు ప్రతి ప్రశ్నను అసలు డేటాబేస్‌కే చేరవేసి, వచ్చిన జవాబును పొల్లుపోకుండా తిరిగి ఇస్తే, దప్పిక తీరుతూనే ఉంటుంది, మోసమూ సాగుతూనే ఉంటుంది. జ్ఞానం స్వతఃప్రమాణమనీ, అంటే తనంతట తానే నమ్మదగినదనీ, బాధకం, అనగా దానిని కొట్టివేసే మరొక జ్ఞానం, కలిగేదాకా అది నిలుస్తుందనీ మీమాంసాదర్శనాన్ని అనుసరించే మీమాంసకులు అన్నారు. కానీ ఆ బాధకం ఆలస్యంగా రావచ్చు. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ అనే ధ్రువీకరణ సంస్థలోకి చొరబడినవారు గూగుల్ పేరుతో సహా దొంగ సర్టిఫికెట్లు పుట్టించినట్లు బయటపడగా, బ్రౌజర్లు దాని రూట్‌ను తొలగించాయి. బాధకం వచ్చింది గాని, అప్పటికే దొంగ సర్టిఫికెట్ వాడుకలోకి వచ్చేసింది.

కనుక రూట్‌పై నమ్మకం ప్రత్యక్షమూ, అంటే ఇంద్రియాలతో నేరుగా తెలిసినదీ, కాదు; అనుమానమూ, అంటే గుర్తును బట్టి ఊహించి తెలుసుకున్నదీ, కాదు. అది శబ్దప్రమాణం వల్ల, అంటే ఆప్తుని మాట అనే జ్ఞానసాధనం వల్ల, కలిగినది. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు యథార్థం పలికేవానినే ఆప్తుడన్నాడు గనుక, ఆప్తుడెవరో తేల్చుకునే బాధ్యత వినేవానిపైనే పడుతుంది. రూట్ ఫైలును అదే అనుసంధానం గుండా వచ్చినది గాక, డేటాబేస్ నిర్వాహకుల నుంచి వేరు దారిలో తెచ్చుకుని, 'వెరిఫై-ఫుల్' ఎంచుకున్నవారే ఆ బాధ్యతను తీర్చినవారు.