చప్పట్లు కొట్టించాక పరిశీలన ఎందుకు?



మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. కొన్నేళ్ల క్రితం వేసవి వీబీఎస్‌కి ముందు ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక ప్రకటనలు చదివింది నేనే. వేరే ఊరి నుంచి ఉద్యోగం మారి మన మధ్యకు వచ్చిన ఒక తమ్ముడిని పేరు పెట్టి పిలిచి, నిలబెట్టి, "ఈసారి పిల్లల తరగతి ఈయన చూసుకుంటారు" అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు అప్పుడే ఆయన చుట్టూ చేరిపోయారు.

సోమవారం సాయంత్రం, మన సంఘంలో పిల్లల భద్రత చూసే సహోదరి ఫోన్ చేసింది. "అన్నా, ఆయన డీబీఎస్ ఇంకా రాలేదు కదా" అంది. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "మంచి కుర్రాడమ్మా. మనకు తెలిసిన కుటుంబం. అందరి ముందూ చెప్పేశాం కూడా. ఇప్పుడు కాదంటే ఆయన ఎంత చిన్నబుచ్చుకుంటాడో ఆలోచించు" అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "కాగితం వచ్చేదాకా ఆయనకు పిల్లల్ని అప్పగించలేనన్నా" అంది.

అప్పగించలేదు. వీబీఎస్ అయిపోయిన తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. అందులో ఏ మచ్చా లేదు. ఈలోగా "ఆవిడకు రూల్స్ ఎక్కువ" అని కొందరు అనుకున్నారు. ఆ మాట నా చెవినా పడింది. నేను ఏమీ అనలేదు.

ఈ పాత సంగతి ఇప్పుడు గుర్తు రావడానికి, మనం ఉంటున్న ఈ దేశంలో జరిగిన ఒక పెద్ద సంగతి కారణం.

2024 డిసెంబరు 20న ప్రధాని కీర్ స్టార్మర్, పీటర్ మాండెల్సన్‌ను అమెరికాకు బ్రిటన్ రాయబారిగా పంపుతున్నట్టు ప్రకటించారు. మాండెల్సన్ రాజకీయాలకు కొత్త మనిషి కాదు. టోనీ బ్లెయిర్ మంత్రివర్గం నుంచి 1998లో ఒకసారి, 2001లో ఇంకోసారి రాజీనామా చేయాల్సి వచ్చిన నాయకుడు. మైనర్ బాలికకు సంబంధించిన నేరంలో 2008లో శిక్ష పడిన జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో ఆయనకు స్నేహం ఉండేదన్న సంగతి అప్పటికే పత్రికల్లో వచ్చింది. ప్రకటనకు ముందు కేబినెట్ ఆఫీసు ఆయన నేపథ్యం మీద ఒక పరిశీలన చేసింది. కానీ దేశ రహస్యాలు చూడాల్సిన వారికి చేసే లోతైన భద్రతా పరిశీలన ఒకటుంది. దాన్ని డెవలప్డ్ వెట్టింగ్ అంటారు. అది జరిగింది ప్రకటన తర్వాతే.

2025 ఫిబ్రవరిలో ఆయన వాషింగ్టన్‌లో బాధ్యతలు చేపట్టారు. సెప్టెంబరులో, ఎప్‌స్టీన్ కేసు నడిచే రోజుల్లో ఆయన రాసిన ఈమెయిళ్లు బయటపడ్డాయి. ఆ నేరస్థుడికి ధైర్యం చెబుతూ, త్వరగా విడుదలయ్యేందుకు పోరాడమంటూ రాసినవి అవి. సెప్టెంబరు 11న ప్రధాని ఆయన్ని పదవి నుంచి తొలగించారు. 2026 ఫిబ్రవరిలో ప్రధాని ఎప్‌స్టీన్ బాధితులకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మాండెల్సన్ అబద్ధాలు నమ్మానని అన్నారు. ఆ నియామకానికి సలహా ఇచ్చింది తానేనంటూ ప్రధాని ముఖ్య సలహాదారు మోర్గన్ మెక్‌స్వీనీ అదే నెలలో రాజీనామా చేశారు.

అబద్ధం చెప్పినాయన వెళ్లిపోయారు. సలహా ఇచ్చినాయన వెళ్లిపోయారు. మరి నిర్ణయం తీసుకున్నవారు ఏ మేరకు జవాబుదారీ? ఏ పార్టీ మంచిదన్న చర్చ పక్కన పెట్టి, ఈ ఒక్క ప్రశ్న మీద మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాను.

మొదట, ఆ పరిశీలనలో ఏం చేస్తారో చూద్దాం. మనలో ప్రభుత్వ ప్రాజెక్టుల్లో పనిచేసే ఐటీవాళ్లకు క్లియరెన్స్ అంటే ఏమిటో బాగా తెలుసు. అది రానిదే లాప్‌టాప్ కూడా చేతికి ఇవ్వరు. డెవలప్డ్ వెట్టింగ్ అంతకన్నా పై మెట్టు. అప్పులు, ఆస్తులు, స్నేహాలు, అలవాట్లు అన్నీ అడుగుతారు. ఒక అధికారి ఎదురుగా కూర్చుని గంటల తరబడి మాట్లాడతారు. తెలిసినవాళ్లను విచారిస్తారు. ఈ మనిషి పాపి అవునా కాదా అని తేల్చడం వాళ్ల పని కాదు. ఈ మనిషి మీద ఎవరికైనా పట్టు ఉందా, ఏదైనా దాచిన సంగతి చూపించి ఈయన చేత ఎవరైనా పని చేయించుకోగలరా అన్నదే వాళ్లు చూస్తారు.

ప్రకటన ముందు వచ్చేస్తే ఈ పని ఎలా మారిపోతుందో చూడండి. ప్రకటనకు ముందు అధికారి ముందున్న ప్రశ్న, "ఈయనకు ఈ పదవి ఇవ్వవచ్చా?" ప్రకటన తర్వాత అదే అధికారి ముందు ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంటుంది: "ప్రధాని ప్రపంచం ముందు చెప్పిన మాటను నేను కాదనగలనా?" ఫారం అదే, ప్రశ్నలు అవే. కానీ 'వద్దు' అనడానికి చెల్లించాల్సిన ధర మారిపోయింది. నాయకుడు మోయాల్సిన బరువు, పేరు కూడా ఎవరికీ తెలియని ఒక ఉద్యోగి నెత్తికి ఎక్కింది.

ఆ సోమవారం సాయంత్రం నేను చేసింది సరిగ్గా ఇదే. "కాగితం వచ్చిందా?" అని నేను ఆమెను శనివారం అడిగి ఉంటే, "ఇంకా లేదన్నా" అనడం ఆమెకు చాలా తేలిక. ఆదివారం చప్పట్లు కొట్టించాక, ఆమె మొత్తం సంఘం ఉత్సాహానికి ఎదురు నిలబడాల్సి వచ్చింది.

ఇక్కడ మీరు రెండు ప్రశ్నలు వేయవచ్చు. రెండూ న్యాయమైనవే.

మొదటిది: ప్రజలు ఎన్నుకున్న నాయకుడికి తన మనుషుల్ని ఎంచుకునే హక్కు లేదా? ఉంది. నిజానికి ఈ దేశంలో మంత్రులకు ఈ వెట్టింగ్ ఉండదు. వాళ్లను ప్రజలు ఓటేసి పంపుతారు, పార్లమెంటులో నిలబెట్టి అడుగుతారు, నచ్చకపోతే మళ్లీ ఓటుతోనే ఇంటికి పంపుతారు. రాయబారికీ సలహాదారుకీ అలాంటి ఓటు లేదు. వాళ్లు ప్రజలకు జవాబు చెప్పేది తమను నియమించినవారి ద్వారానే. కాబట్టి, "నా మనిషిని నేను ఎంచుకుంటాను" అన్న హక్కు ఎంత పెద్దదో, "నా మనిషి గురించి నేనే జవాబు చెబుతాను" అన్న బాధ్యత అంత పెద్దది.

రెండోది విశ్వాసులుగా మనకు దగ్గరి ప్రశ్న: మనిషికి ఇంకో అవకాశం ఇవ్వకూడదా? పాత తప్పులు తవ్వడం క్షమించే మనసున్నవారి పనేనా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు ఆపింది. అప్పుడు బర్నబా గుర్తుకొచ్చాడు. యెరూషలేములో శిష్యులందరూ సౌలును చూసి భయపడుతున్నప్పుడు, అతణ్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లినవాడు బర్నబా. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం మరోసారి చదవండి. సౌలు గతాన్ని బర్నబా కప్పిపెట్టలేదు. దమస్కులో ఏం జరిగిందో పెద్దల ముందు వివరంగా చెప్పాడు. పరిశీలన తప్పించలేదు, పరిశీలనలో అతని పక్కన నిలబడ్డాడు. తన పేరు, తన మంచితనం పణంగా పెట్టాడు.

క్షమించడం, అప్పగించడం రెండూ ఒకటి కావు. నా డబ్బు ఎగ్గొట్టినవాణ్ని నేను ఈ రాత్రే క్షమించవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ రేపు సంఘం కానుకల పెట్టె తాళం అతని చేతికిస్తే, నేను పణంగా పెడుతున్నది నా సొమ్ము కాదు, మీ సొమ్ము. పరిచర్యకు నియమించే ముందు పరీక్షించాలని పౌలు తిమోతికి రాసింది కూడా అందుకే అనుకుంటాను. ఎప్‌స్టీన్ సంగతిలో ఆ ధర చెల్లించినవారు ఎవరు? తమకు అన్యాయం చేసినవాడి స్నేహితుడికి ఒక దేశం పెద్దపీట వేయడం చూసిన ఆ స్త్రీలు. వాళ్లను ఎవరూ ముందుగా అడగలేదు.

ఇక "ఆయన నాతో అబద్ధమాడాడు" అన్న జవాబు. ఇది ఒక్క స్టార్మర్ జవాబే కాదు. 2010లో కన్సర్వేటివ్ ప్రధాని డేవిడ్ కామెరాన్, న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక మాజీ సంపాదకుడు ఆండీ కోల్సన్‌ను డౌనింగ్ స్ట్రీట్‌లో కమ్యూనికేషన్స్ అధిపతిగా పెట్టుకున్నారు. ఆ పత్రిక విలేఖరి ఒకరు ఫోన్ హ్యాకింగ్ కేసులో జైలుకెళ్లడంతో 2007లో సంపాదక పదవి వదులుకున్న వ్యక్తి ఆయన. అయినా డెవలప్డ్ వెట్టింగ్ లేకుండానే ఆయన ఆ పనిలో చేరారు. 2011 జనవరిలో తప్పుకున్నారు. 2014లో కోర్టు దోషిగా తేల్చి 18 నెలల శిక్ష వేసింది. కామెరాన్ క్షమాపణ చెబుతూ, తనకు ఇచ్చిన హామీలను నమ్మానని అన్నారు.

మోసపోవడం పాపం కాదు. అబద్ధం ఆడినవాడి నేరం వాడిదే. కానీ ఒకటి ఆలోచించండి. మనం మోసపోకుండా కాపాడటానికే పెట్టుకున్న గుమ్మాన్ని మనమే దాటవేసి, తర్వాత "నాకు తెలియదు" అంటే, ఆ తెలియకపోవడంలో మన వాటా లేదా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు ఊరికే అనలేదు.

"మరి ఆ మనిషి నిర్దోషి అయితే?" అని కూడా అడగవచ్చు. దీనికి మన దేశంలోని ఒక కేసు మంచి జవాబు ఇచ్చింది. 2010 సెప్టెంబరులో పి.జె. థామస్‌ను సెంట్రల్ విజిలెన్స్ కమిషనర్‌గా నియమించారు. కేరళలో పామోలిన్ దిగుమతి కేసులో ఆయన మీద అభియోగం పెండింగులో ఉంది. ఎంపిక కమిటీలో ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్ ఒప్పుకోలేదు, మిగిలిన ఇద్దరూ ముందుకెళ్లారు. 2011 మార్చి 3న సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని కొట్టేసింది. థామస్ దోషి అని కోర్టు తేల్చలేదు. కమిటీ చూడాల్సిన కాగితాలు చూడలేదని, ఆ పదవి మీద ప్రజలకున్న నమ్మకాన్ని పట్టించుకోలేదని తప్పుపట్టింది. ప్రధాని మన్మోహన్ సింగ్ పార్లమెంటులో ఆ బాధ్యత తనదేనని ఒప్పుకున్నారు.

మన తమ్ముడి సర్టిఫికెట్ మచ్చ లేకుండా వచ్చిందని నేను ఇన్నేళ్లూ ఊపిరి పీల్చుకున్నాను. ఆ తీర్పు సంగతి చదివాక అలా ఊపిరి పీల్చుకునే హక్కు నాకు లేదని తెలిసింది. ఆయన మంచివాడు కావడం ఆయన గొప్ప. నేను చేసిన పని మాత్రం తప్పే.

మరి జవాబుదారీతనం అంటే రాజీనామాయేనా? మన ఇళ్లలో ఈ మాట రాగానే లాల్ బహదూర్ శాస్త్రి గారినే తలుచుకుంటాం. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి 100 మందికి పైగా చనిపోయినప్పుడు, రైల్వే మంత్రిగా ఆయన రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం తర్వాత మళ్లీ ఇచ్చారు, ఈసారి ఒప్పుకోక తప్పలేదు. ఆ వంతెన ఆయన కట్టలేదు, ఆ రైలు ఆయన నడపలేదు. అయినా కింది ఉద్యోగి పేరు చెప్పి తప్పించుకోలేదు.

ప్రతి తప్పుకీ పదవి వదిలేయాలని నేను అనను. ఒక్కోసారి ఉండి సరిదిద్దడమే కష్టమైన పని. కానీ ఉండేవారైనా, వెళ్లేవారైనా ఒకటి చేయాలి. ఏం జరిగిందో ఎవరూ గుచ్చి గుచ్చి అడగకముందే మొత్తం చెప్పాలి. "నేను ముందు ప్రకటించాను, దానివల్ల కింద ఉన్నవారి చేతులు కట్టేశాను" అని తన నోటితో అనాలి. సలహా ఇచ్చినవాడు తన సలహాకు జవాబు చెబుతాడు. నిర్ణయానికి జవాబు నిర్ణయించినవాడే చెప్పాలి, దాన్ని ఇంకొకరి రాజీనామాతో తీర్చలేం. ఆ తర్వాత వరుస మార్చాలి. పరిశీలన ముందు, ప్రకటన తర్వాత అని రాసిపెట్టి, తనతో సహా ఎవరూ దాన్ని దాటకుండా చూడాలి.

పార్లమెంటుకు ఇంత చెప్పిన నేను, నా లెక్క తీర్చకుండా ముగించలేను. ఆ సహోదరి ఇప్పటికీ మన మధ్యనే ఉంది. పోయిన నెల ఆమె ఇంటికి వెళ్లి, ఈ వ్యాసం రాయవచ్చా అని అడిగాను. "రాయండన్నా, కానీ నన్ను పొగడొద్దు" అంది. పొగడను. జరిగింది మాత్రం చెబుతాను. ఆ వేసవి ఇబ్బంది ఆమె రూల్స్ వల్ల వచ్చింది కాదు. ఆమెను అడగకుండా మైకు పట్టుకున్న నా వల్ల వచ్చింది. ఆ తమ్ముణ్ని అందరి ముందూ నిలబెట్టి, వారాల తరబడి ఇబ్బంది పెట్టింది కూడా నేనే. ఈ మాట ఆ మరుసటి ఆదివారమే, అదే మైకులో చెప్పాల్సింది. ఆలస్యంగా చెబుతున్నాను. నన్ను క్షమించండి.

ఇప్పుడు మన సహవాసంలో పిల్లల పరిచర్యకు ఎవరి పేరైనా ఆమె సంతకం తర్వాతే ప్రకటనల కాగితంలోకి వస్తుంది. మీ ఆఫీసులోనో, మీ ఇంట్లోనో, మీ తొందరకు అడ్డం నిలబడి ఎవరైనా మాట పడ్డారేమో ఒకసారి గుర్తు చేసుకోండి. గుర్తొస్తే, వాళ్లకు ఫోన్ చేయండి.